కూర్చోబెట్టాక

2023 అక్టోబరు 2న పైథాన్ 3.12 విడుదలైంది. అందులో అసింకోర్ లేదు.

ఇరవై యేళ్లకు పైబడి ఆ భాష స్టాండర్డ్ లైబ్రరీలో ఉన్న మాడ్యూలు అది. శామ్ రషింగ్ రాసింది. ఒక్క ప్రోగ్రాము ఒక్క త్రెడ్డుతోనే ఎన్నో నెట్‌వర్కు కనెక్షన్లను చూసుకునే దారిని, వేరే ఏమీ దించుకోనక్కర లేకుండా, పైథాన్ వాళ్ల చేతికి ఇచ్చింది. దాని మీద ఆధారపడిన అసిన్‌చాట్, ఎస్‌ఎంటీపీడీ మాడ్యూళ్లు కూడా ఆ విడుదలతోనే వెళ్లిపోయాయి. చెప్పాపెట్టకుండా తీసేయలేదు. కొత్త కోడుకు దీన్ని వాడవద్దని డాక్యుమెంటేషనులో యేళ్ల తరబడి రాస్తూనే వచ్చారు. అయినా ఎక్కడో ఒక ఆఫీసులో దాన్ని నమ్ముకుని నడుస్తున్న ప్రోగ్రాము కొత్త పైథాన్ మీద మొదటి వరుసలోనే ఆగిపోతుంది.

నన్ను చాలాకాలంగా వదలని ప్రశ్న ఇక్కడుంది. పదిమందీ నమ్ముకునే చోట ఒకదాన్ని కూర్చోబెట్టాక దాన్ని లేపే హక్కు ఎవరికైనా ఉంటుందా? ఏదో ఒకనాడు లేపవలసి వస్తుందని తెలిసి కూడా కూర్చోబెట్టడం ధర్మమేనా?

నేను నంద్యాలలో ఇంజనీరింగు పిల్లలకు పైథాన్, నెట్‌వర్కులు చెబుతాను. పుట్టి పెరిగింది ఆళ్లగడ్డలో, దేవుళ్లను చెక్కే ఇంట్లో. ఊళ్లోకి వచ్చే బస్సు కిటికీలోంచి చూస్తే రేకుల షెడ్లు, తెల్లటి రాతిపొడి, సగం తేలిన వినాయకులు, కిరీటం ఇంకా రాని వెంకటేశ్వరులు కనిపిస్తారు. ఇప్పుడు గ్రైండర్ల మోత ఎక్కువైంది గానీ ముక్కూ పెదవీ కన్నూ దగ్గరికొచ్చేసరికి చేతి ఉలే కావాలి. రాయి ఎంతవరకు రాయి, ఎప్పటి నుంచి కాదు అన్నది నేను ఆ షెడ్డులోనే తెలుసుకున్నాను.

రాతిని ముందు వింటారు. సుత్తితో తట్టితే గంటలా మోగింది పురుషశిల, దేవుడి రూపానికి పనికొస్తుంది. తాళంలా పలికింది స్త్రీశిల, అమ్మవార్లకూ పీఠానికీ వాడతారు. ఏమీ పలకనిది నపుంసకశిల, అది అడుగున పునాదికి పోతుంది. చెక్కేటప్పుడు విగ్రహం తొడ మీద కాలు పెట్టి భుజం తీరుస్తారు, ఎవరూ తప్పు పట్టరు. గుడికి చేరాక నీళ్లలో ఉంచుతారు, అది జలాధివాసం. ధాన్యంలో ఉంచుతారు, ధాన్యాధివాసం. పాన్పు మీద పడుకోబెడతారు, శయనాధివాసం. నీళ్లలో ఉన్నప్పుడే రాతిలో కంటికి ఆనని పగుళ్లు బయటపడతాయని పనివాళ్లు అంటారు. ఆఖరున నేత్రోన్మీలనం. కళ్లు తెరిపించిన తర్వాత ఇక ఉలి తగలకూడదు. మా నాయన తన చేత్తో చెక్కిన నరసింహుడికి ఆ క్షణం నుంచి బయట వరుసలో నిలబడి దండం పెట్టుకుంటాడు. గర్భగుడి గడప దాటే హక్కు ఆయనకు ఉండదు.

"తప్పుంటే ముందే సూసుకోవాలమ్మా. కండ్లు తెరిపించినంక సామి మనోడు కాదు, అందరోడు" అన్నాడు ఒకసారి, నేను అడిగితే.

చాలామంది ప్రతిష్ఠ గురించి ఇక్కడిదాకా ఆలోచించి ఆగిపోతారు, కూర్చున్నది ఇక కదలదని. ఆగమం అక్కడ ఆగలేదు. విగ్రహాన్ని పీఠానికి పట్టి ఉంచేది అష్టబంధనం, ఎనిమిది ద్రవ్యాలు దంచి చేసిన ముద్ద. అది కాలంతో ఎండుతుంది, సడలుతుంది. కాబట్టి పన్నెండేళ్లకోసారి కొత్తగా వేయాలి. తిరుమలలో 2018 ఆగస్టులో జరిగిన మహాసంప్రోక్షణ దీనికోసమే. ఆ పని జరుగుతున్నప్పుడు స్వామి శక్తిని కుంభంలోకి ఆవాహన చేసి బాలాలయమనే తాత్కాలిక గుడిలో ఉంచుతారు, నిత్యపూజ అక్కడ సాగుతూనే ఉంటుంది. యాదగిరిగుట్టలో గుడిని తిరిగి కట్టినన్నాళ్లూ, 2016 నుంచి 2022 మార్చి 28 దాకా, భక్తులు దర్శించుకున్నది బాలాలయంలోని స్వామినే. మూర్తి భిన్నమైతే దానికి ఎలా సెలవివ్వాలో, ఎలా నీటిలో విడవాలో, కొత్తదాన్ని ఎలా కూర్చోబెట్టాలో జీర్ణోద్ధారణ విధి చెబుతుంది. రాయి శాశ్వతమని మన పెద్దలు ఎన్నడూ భ్రమపడలేదు. పూజ ఆగకూడదన్నదే వాళ్ల పట్టుదల.

ఆ కొలతతో చూస్తే అసింకోర్‌ను లేపడం తప్పు కాదు, లేపిన తీరులో ఒక లోటుంది. మాడ్యూలును తీసేశాక కూడా పైథాన్ సొంత పరీక్షల ఫోల్డరులో దాని ప్రతి ఒకటి ఉంచుకున్నారు, పాత పరీక్షలు కొన్ని దాని మీద నడవాలి కనుక. కట్టినవాళ్లకు బాలాలయం లోపలే దొరికింది. వాడుకున్నవాళ్లు బయట, ఇంటర్నెట్‌లో ఎవరో ప్యాకేజీగా చేసి పెట్టినదాన్ని వెతుక్కోవాలి.

ఇంతకీ ఈ అసింక్రనస్ నెట్‌వర్కింగ్‌కు భాష గర్భగుడిలో చోటు దేనికి? ప్రోగ్రాము అవతలి కంప్యూటరును ఏదైనా అడిగితే జవాబు వచ్చేదాకా దానికి పని ఉండదు. ఒక్కో కనెక్షనుకు ఒక్కో త్రెడ్డు పెడితే, ప్రతి త్రెడ్డూ తన స్టాకు మెమరీ పట్టుకుని ఊరికే ఎదురుచూస్తుంది. పది వేల మంది ఒకేసారి వస్తే సర్వరు ఎలా తట్టుకోవాలని 1999లో డాన్ కెగెల్ అడిగిన ప్రశ్నకు సీ టెన్ కే అన్న పేరు స్థిరపడిపోయింది. ఆపరేటింగ్ సిస్టాలు తలా ఒక దారి పట్టాయి. బీఎస్‌డీ యూనిక్స్‌లో 1983 నాటికే సెలెక్ట్ ఉంది. తర్వాత ఫ్రీబీఎస్‌డీలో కేక్యూ, లినక్స్‌లో ఈపోల్ వచ్చాయి. ఇవి మూడూ "ఫలానా కనెక్షను సిద్ధంగా ఉంది, వచ్చి చదువుకో" అంటాయి. విండోస్ కంప్లీషన్ పోర్టులు "నువ్వు చెప్పిన పని అయిపోయింది" అంటాయి. వినడానికి చిన్న తేడా. కాని ఒకదాని కొలతకు చెక్కిన లైబ్రరీ రెండోదాని మీద సరిగా కూర్చోదు.

పైథాన్‌లో ఈ పని చేసే ట్విస్టెడ్, టొర్నాడో, జీఈవెంట్ లైబ్రరీలు అప్పటికే ఉన్నాయి. ఒక్కోదానికి, సిద్ధమైన కనెక్షన్ల పనులను వరసగా నడిపే దాని ఈవెంట్ లూపు, దాని అలవాట్లు. ఒకదాని కోసం రాసిన లైబ్రరీ ఇంకోదాంట్లో ఇమడదు. 2012 డిసెంబరులో పైథాన్ సృష్టికర్త గీడో వాన్ రాసమ్ స్వయంగా పెప్ 3156 అనే ప్రతిపాదన రాశాడు. ట్యులిప్ అని పిలుచుకుంటూ కట్టిన ఆ పని 2014 మార్చిలో పైథాన్ 3.4తో అసింక్‌ఐఓ పేరున లోపలికి వచ్చింది.

ఆ ప్రతిపాదనలో నేను గౌరవించేది దాని కోరిక ఎంత చిన్నదో. లూపు ఎవరిదైనా సరే, అందరూ ఒప్పుకునే ఒక ముఖద్వారం కావాలంది. వెనకున్న లూపును మార్చుకోవచ్చంది. అందువల్లే 2016లో యూవీలూప్ అదే ద్వారం వెనక పూర్తిగా వేరే యంత్రాన్ని పెట్టగలిగింది. 2018లో టొర్నాడో తన సొంత లూపును పక్కనబెట్టి దీని మీద నిలబడింది. ఇంకోటి, అది లోపలికి వచ్చింది ప్రొవిజనల్ హోదాతో. వచ్చింది గానీ ఇంకా మారవచ్చు, చూసి చెప్పండి అని. మధ్యలో 2015లో యూరీ సెలివనోవ్ ప్రతిపాదించిన అసింక్, అవెయిట్ మాటలు భాషలోకే వచ్చాయి. 2016 డిసెంబరులో 3.6తో ఆ హోదా తొలగించారు. కళ్లు తెరిపించింది అప్పుడు. దానికి ముందు దాదాపు మూడేళ్లు అధివాసం.

పగుళ్లన్నీ ఆలోపల బయటపడలేదు. మొదలుపెట్టేవాడు సులువుగా వాడుకోగల రన్ అన్న ఒక్క పిలుపు 2018లో, 3.7తో గాని రాలేదు. కలిసి నడుస్తున్న పనుల్లో ఒకటి కూలిపోతే మిగతావాటిని ఏం చేయాలో తేల్చే టాస్క్‌గ్రూపులు 2022లో, 3.11తో వచ్చాయి. ఆ ఆలోచన నథేనియల్ స్మిత్ బయట కట్టిన ట్రియో లైబ్రరీలో ముందుగా పండింది. లోపల కూర్చున్నది తొందరగా కదలలేని చోట బయటిది నడిచి చూపించింది.

మాకిది కొత్త ఏర్పాటు కాదు. అహోబిలంలో మూలవిరాట్టు గుహలోంచి కదలడు. కనుమనాడు మొదలై నలభై రోజులకు పైగా పారువేటకు ఊరూరా తిరిగేది ఉత్సవమూర్తులు. చెంచులక్ష్మితో తన పెళ్లికి రమ్మని స్వామే వచ్చి పిలుస్తాడని ఆళ్లగడ్డ, రుద్రవరం చుట్టుపక్కల పల్లెల నమ్మకం. ఒకే స్వామికి కదలని రూపం ఒకటి, తిరిగే రూపం ఒకటి. స్టాండర్డ్ లైబ్రరీ గట్టిదా బయటి ప్యాకేజీలు గొప్పవా అని వాదించుకునేవాళ్లు ఈ రెండూ ఒకే ఆరాధనలోవన్న సంగతి మరిచిపోతారు.

సీ ప్లస్ ప్లస్ దారి వేరు. క్రిస్టఫర్ కోల్‌హాఫ్ రాసిన నెట్‌వర్కింగ్ లైబ్రరీ ఏసియో 2008లో బూస్ట్ అనే లైబ్రరీల కూర్పుతో కలిసి విడుదలైంది. దాన్నిబట్టి నెట్‌వర్కింగ్‌ను ప్రమాణంలో చేర్చాలన్న ప్రయత్నం అంతకుముందే మొదలైంది. 2018లో ఐఎస్‌ఓ దాన్ని టెక్నికల్ స్పెసిఫికేషనుగా వెలువరించింది. 2020 నాటి ప్రమాణంలోకి అది రాలేదు, 2023 నాటిదాంట్లోకీ రాలేదు. అసింక్రనస్ పనులన్నిటికీ ఆధారంగా ఏసియో నమూనా ఉండాలా, సెండర్లు రిసీవర్లు అనే నమూనా ఉండాలా అన్న దగ్గర ఏకాభిప్రాయం కుదరలేదు. 2024 జూన్ చివర సెయింట్ లూయిస్ సమావేశంలో రెండోదాన్ని సీ ప్లస్ ప్లస్ 26 కోసం ఒప్పుకున్నారు. నెట్‌వర్కింగ్ మాత్రం అందులోనూ లేదు. ఒక సాకెట్టు తెరవడానికి ఆ భాషకు ఇవాళ్టికీ సొంత మాట లేదు.

వాళ్ల సంకోచానికి బలమైన కారణాలే ఉన్నాయి. గుప్తీకరణ లేని నెట్‌వర్కు కోడును ఈరోజుల్లో ఎవరి చేతికీ ఇవ్వకూడదు, టీఎల్‌ఎస్ ఉండి తీరాలి. టీఎల్‌ఎస్‌లో లోపం దొరికితే రోజుల్లో దిద్దాలి. సీ ప్లస్ ప్లస్ ప్రమాణం మూడేళ్లకోసారి వస్తుంది. పైథాన్‌కు కూడా ఈ ఇబ్బంది తప్పలేదు. 2.7లో కొత్త సౌకర్యాలు చేర్చకూడదన్న తన నియమాన్ని 2014లో పెప్ 466తో తానే సడలించుకుని, ఎస్‌ఎస్‌ఎల్ మాడ్యూలును 2.7.9లో కొత్తగా తీర్చవలసి వచ్చింది. అడుగున నేల కూడా నిలకడగా లేదు. 2019లో లినక్స్ 5.1తో ఐఓ యూరింగ్ వచ్చింది. ఇన్నేళ్లూ "సిద్ధం" అంటూ వచ్చిన లినక్స్ కూడా "అయిపోయింది" అనడం నేర్చుకుంది. ఇన్ని కదులుతున్నప్పుడు ఏ కొలతకు చెక్కాలన్న ప్రశ్న న్యాయమైనదే.

అయినా ఇంతకాలం ఏదీ పెట్టకుండా ఉండడం దోషరహితమని నేను ఒప్పుకోలేను. గీత నాలుగో అధ్యాయం కర్మతో పాటు అకర్మను కూడా తెలుసుకోవలసినదిగానే చెబుతుంది. చేయకుండా ఊరుకున్నవాడికి ఫలం అంటదని అక్కడ లేదు. తప్పుడు విగ్రహాన్ని కూర్చోబెట్టిన పాపం లెక్కకు వస్తుంది, ఎందుకంటే అది అందరికీ కనిపిస్తుంది. ఖాళీ గర్భగుడి ముందు నుంచి వెనక్కి తిరిగిపోయినవాళ్లు ఏ లెక్కలోకీ రారు. ఆ తిరిగిపోయేవాళ్ల మధ్యనే నా ఉద్యోగం.

మా దగ్గరికి సిరివెళ్ల, గోస్పాడు, చాగలమర్రి వైపు పల్లెల నుంచి పిల్లలు వస్తారు. చాలామందికి ఇంట్లో కంప్యూటరు లేదు. ఫోనులో పైథాన్ ఎక్కించుకుని బస్సులో ప్రోగ్రాములు రాసుకునేవాళ్లున్నారు. ల్యాబు పరీక్షనాడు ఇంటర్నెట్ ఆపేస్తాం. ఆ మూడు గంటలూ భాషతో పాటు వచ్చిందే వాళ్ల ఆస్తి. బయట ఎంత గొప్ప లైబ్రరీ ఉన్నా ఆ పూట అది లేనట్టే. అసింక్‌ఐఓ ఉంటుంది.

నా విద్యార్థిని ఒకమ్మాయి వాళ్ల శనగ చేలో నేల తేమ కొలిచే ఏర్పాటును ప్రాజెక్టుగా చేసింది. చేలో ఈఎస్‌పీ32 బోర్డులు, ఇంట్లో ఎవరో వాడి వదిలేసిన ల్యాప్‌టాప్. బోర్డుల మీద మైక్రోపైథాన్ నడుస్తుంది. అంత చిన్న చిప్పులో కూడా అసింక్‌ఐఓ ఉంది, కుదించిన రూపంలో, అదే పేరుతో, అవే అసింక్, అవెయిట్ మాటలతో. ల్యాప్‌టాప్‌లో స్టార్ట్ సర్వర్ అన్న ఒక్క పిలుపుతో సర్వరు లేచి కూర్చుంది. బోర్డులన్నీ ఒకేసారి పలికినా ఒక్క త్రెడ్డే అందరి మాటా వింటుంది. ఒక బోర్డు బ్యాటరీ అయిపోయి మూగబోతే దానికోసం మిగతావి ఆగవు. చేలో బోర్డుకూ ఇంట్లో ల్యాప్‌టాప్‌కూ ఒకటే నేర్చుకుంటే సరిపోయింది ఆ అమ్మాయికి. పెప్ 3156 కోరిన ముఖద్వారం గోస్పాడు దగ్గర నల్లరేగడి దాకా వచ్చిందని నాకు ఆ రోజు తెలిసింది.

అహోబిలంలో కొండ ఎక్కలేనివాళ్ల దగ్గరికి వెళ్లేది ఉత్సవమూర్తి. కంప్యూటరు లోకంలో అది తిరగబడింది. ఇక్కడ కొండ ఎక్కలేనివాళ్లకు అందేది మూలవిరాట్టే. ప్యాకేజీలు దించుకోవడం, వాటిలో ఏది బతికి ఉందో ఏది పాడుబడిందో కనిపెట్టుకుని ఉండడం, నెట్టూ తీరికా తెలిసినవాళ్లూ ఉన్నవాళ్ల పని. రస్ట్ భాషలో అసింక్ ఎస్‌టీడీ అనే లైబ్రరీ 2019లో వచ్చింది, స్టాండర్డ్ లైబ్రరీ పేరునే తనలో కలుపుకుని. 2025లో దాన్ని ఆపేశారు. ఆ వార్త ముందుగా ఎవరికి చేరుతుంది, చివరికి ఎవరికి చేరుతుంది?

రస్ట్ వాళ్లది చాలా ఆలోచించి వేసిన అడుగే, కాదనను. 2019 నవంబరులో 1.39తో అసింక్, అవెయిట్‌ను స్థిరపరిచారు. స్టాండర్డ్ లైబ్రరీలో ఫ్యూచర్ అనే ఒప్పందాన్ని, నిద్రపోతున్న పనిని తట్టిలేపే వేకర్‌ను పెట్టారు. పనులను నడిపే రన్‌టైమ్‌నూ అసింక్ సాకెట్లనూ బయటే ఉంచారు. ఆ చోటును ఎక్కువగా టోకియో అనే లైబ్రరీ నింపింది. పీఠం వేసి ఆగారన్నమాట. ఐఓ యూరింగ్ వాడుక పెరిగినప్పుడు లోపల చెరపవలసింది లేకపోవడం దాని ఫలమే. కాని కొత్తగా వచ్చిన పిల్లవాడు మొదటిరోజే బయట ఎవరి వెంట పోవాలో తేల్చుకోవాలి, అదీ తేల్చుకునే జ్ఞానం ఇంకా రాకముందే.

నా మనసుకు ఎక్కువ దగ్గరగా వచ్చింది గో భాష. 2012 మార్చిలో గో 1తో పాటే వాళ్లు మాట ఇచ్చారు, గో 1కు రాసిన ప్రోగ్రాము ఆ తరం విడుదలలన్నిటి మీదా నడుస్తుందని. నెట్‌వర్కు, టీఎల్‌ఎస్ రెండూ లోపలే ఉన్నాయి. ఆరు నెలలకో విడుదల, లోపం దొరికితే మధ్యలోనే దిద్దుబాటు. గోలో రాసే నెట్‌వర్కు కోడు పైకి ఒక్కో కనెక్షను దగ్గర ఆగి ఎదురుచూస్తున్నట్టే కనిపిస్తుంది. కింద రన్‌టైమ్ లినక్స్ మీదైతే ఈపోల్‌తో, విండోస్ మీదైతే కంప్లీషన్ పోర్టులతో గోరూటీన్లనే తేలికపాటి పనులను వేల సంఖ్యలో నడుపుతుంది. భక్తుడికి ఎదురుగా ఉన్న ముఖం మారదు, కింద అష్టబంధనం ఎన్నిసార్లయినా కొత్తగా వేసుకోవచ్చు. పైథాన్‌లో ఈ సౌలభ్యం సగమే ఉంది. అసింక్ ఫంక్షన్‌ను అవెయిట్ చేయాలంటే పిలిచేదీ అసింక్ ఫంక్షనే కావాలి కనుక లైబ్రరీలు రెండు తెగలుగా చీలిపోయాయి, ఒకే పనికి రెండేసి. ఆ చీలికను ఎలా మాన్పాలో నాకు తెలియదు, నా పిల్లలకు చెప్పేటప్పుడు అక్కడ ప్రతిసారీ ఆగుతాను.

సీ ప్లస్ ప్లస్ తర్వాతి ప్రమాణం పని చేసేవాళ్లకు ఆళ్లగడ్డ మనిషిగా నేను అడిగేది ఎక్కువేమీ లేదు. పేరును చిరునామాగా మార్చడం, తెరవడం, చదవడం, రాయడం, గడువు పెట్టడం, మధ్యలో రద్దు చేయడం. ఈ కొద్దింటిని కళ్లు తెరిపించి కూర్చోబెట్టండి. టీఎల్‌ఎస్‌నూ కింది లూపునూ మార్చుకోగల బంధనంగా ఉంచండి. దాన్ని మళ్లీ ఎప్పుడు విప్పి చూస్తారో, అప్పుడు వాడుకునేవాళ్లకు బాలాలయం ఎక్కడో, ప్రతిష్ఠనాడే రాసిపెట్టండి. ప్రస్తుతానికి మా ల్యాబులో సీ ప్లస్ ప్లస్ నేర్చుకునే పిల్లల చేత నెట్‌వర్కు ప్రోగ్రామును 1983 నాటి బీఎస్‌డీ సాకెట్ పిలుపులతోనే రాయిస్తున్నాం, విండోస్ యంత్రం మీద కూర్చున్నవాళ్ల చేత అదే ప్రోగ్రామును కొంత మార్చి మళ్లీ రాయిస్తున్నాం.